చలిదేశమున హైబ్రిడ్ కారు

మన ప్రాంతమున కారు గలవారికి వేసవి యెండయే బెడద. ఇంజను మితిమీరి వేడెక్కుచున్నదని చెప్పువారే గాని, వేడెక్కుట లేదని మొరపెట్టువారు మనకు కానరారు. కాని నేడు వేలకొలది తెలుగువారు అమెరికాలోని మినెసోటా, మిషిగన్ రాష్ట్రములందును, కెనడాయందును నివసించుచున్నారు. మినెసోటాలో జనవరి మాసమున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 20 డిగ్రీలకు పడిపోవుట అరుదు కాదు. అచ్చట హైబ్రిడ్ కారు నడుపువారి సమస్య మనదానికి తలక్రిందులు.

హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజనుతోపాటు విద్యుత్ మోటారు, దానికొక బ్యాటరీ ఉండును. 1997లో జపానున వెలువడిన టొయోటా ప్రియస్ ఈ తరహాలో పెద్దయెత్తున తయారైన మొదటి కారు. అవసరము లేనపుడు దీని ఇంజను తనంతట తానే ఆగిపోవును. పెట్రోలు ఆదా యగుటకు ఇదియొక ముఖ్యకారణము. చలికాలమున ఈ సుగుణమే చిక్కు తెచ్చిపెట్టును. ఆగిన ఇంజను త్వరగా చల్లారును. కారులోని వెచ్చదనమునకు సాధారణముగా ఇంజను వేడియే ఆధారము గనుక, మరల దానిని నడపక తప్పదు. అమెరికా ప్రభుత్వపు లెక్కల ప్రకారము, 25 డిగ్రీల వాతావరణముతో పోల్చినచో, సున్నకు దిగువ 7 డిగ్రీల చలిలో మామూలు కారు మైలేజి నూటికి సుమారు 15 వంతులు తగ్గును. హైబ్రిడ్ కారుది 30 మొదలు 34 వంతుల వరకు తగ్గును.

కావున మొదటి పని ఇంజనును ముందుగా వెచ్చచేయుట. ఇందుకు బ్లాక్ హీటరు అను చిన్న విద్యుత్ పరికరము కలదు. ఉత్తర డకోటా వాసియగు ఆండ్రూ ఫ్రీమన్ 1949లో ఇట్టిదానికి పేటెంటు పొందెను. దానిని రాత్రియంతయు ఉంచనక్కరలేదు. బయలుదేరుటకు రెండు మూడు గంటల ముందు పనిచేయునట్లు టైమరు అమర్చిన చాలును.

రెండవది ఇంజను ఆయిలు. చిక్కని ఆయిలు చలికి పేరిన నేతివలె కదలనొల్లదు. కారుతో నిచ్చిన పుస్తకములో సూచించిన పలుచని రకమునే వాడవలెను. మూడవది కూలెంటు. ఉత్త నీరు గడ్డకట్టి, ఉబ్బి, ఇంజనునే పగులగొట్టగలదు. సగము నీరు, సగము కూలెంటు కలిసిన ద్రవము సున్నకు దిగువ 35 డిగ్రీల చలికిని నిలుచును. కారును మేల్కొలుపు 12 వోల్టుల చిన్న బ్యాటరీని చలి ముదరకముందే పరీక్షింపజేయుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. హైబ్రిడ్ కారు నిశ్శబ్దముగా నున్నంతమాత్రమున ఆగినట్లు కాదు. కట్టివేయుట మరచినచో, కొంతసేపటికి ఇంజను తనంతట తానే మొదలిడును. తలుపులు మూసిన షెడ్డులో అట్లు జరిగినచో కార్బన్ మోనాక్సైడు వాయువు నిండి ఇంటిలోనికిని ప్రాకును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు నిద్రలోనే ప్రాణములు గోల్పోవుదురు. కావున షెడ్డులో కారును వెచ్చచేయరాదు. దిగునపుడు కారు పూర్తిగా ఆగినదో లేదో చూచుకొనవలెను. ఆ వాయువును పసిగట్టి మ్రోగు అలారమును ఇంట నుంచుకొనవలెను.

చలిదేశమున బిడ్డలున్న తల్లిదండ్రులు ఫోనులో క్షేమసమాచారము లడుగునపుడు, ఈ ఒక్క మాట జ్ఞాపకము చేయ మరువకుందురు గాక.