కారు మొరాయిస్తే... పాలసీ వెనకపేజీ చూశారా?

అల్వాల్: రాజీవ్ రహదారిపై శామీర్‌పేట దాటాక రాత్రి పదింటికి కారు ఆగిపోతే మనిషికి ముందు గుర్తొచ్చేది దేవుడు, తర్వాత మెకానిక్కు, ఆ తర్వాత జేబు. నిజానికి వీటన్నిటికంటే ముందు గుర్తు రావలసింది ఇంట్లో బీరువాలో పడివున్న బీమా పాలసీ. అది ఎవరికీ గుర్తు రాదు. ఈ విలేకరికీ రాలేదు.

నిరుడు సిద్దిపేటలో బంధువుల పెళ్ళి చూసుకుని వస్తుండగా గౌరారం సమీపంలో మా పాత కారు క్లచ్చి పోయింది. వెనక సీట్లో అమ్మ, నిద్రపోతున్న పిల్లవాడు. అమ్మకు చక్కెర జబ్బు. వేళకు తిండి, మాత్ర పడకపోతే కళ్ళు తిరుగుతాయి. పక్కనున్న ధాబా వాళ్ళు ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే, అల్వాల్ దాకా లాక్కురావడానికి క్రేను అతను రూ. 4,500 అడిగాడు. బేరమాడే పరిస్థితి కాదు, ఇచ్చాం. నెల తిరిగాక రెన్యువల్ కోసం పాలసీ తీసి చూస్తే ప్రీమియం లెక్కలో కింది నుంచి మూడో వరుసలో 'రోడ్‌సైడ్ అసిస్టెన్స్' అని ఉంది. దానికి మేము డబ్బు కూడా కట్టాం! పిలవాల్సిన ఫోను నంబరు వెనకపేజీలో చిన్న అక్షరాల్లో కనిపించింది. కంపెనీని అనడానికి లేదు, చదవని పాపం మాదే.

అల్వాల్, లోతుకుంట, మచ్చబొల్లారం, బొల్లారం ప్రాంతాల్లో మిలిటరీ కొలువు చేసి రిటైరైన కుటుంబాలూ, సిద్దిపేట, కరీంనగర్ వైపు సొంతూళ్ళున్న ఉద్యోగులూ చాలామంది ఉన్నారు. పండగ వచ్చినా, ఊళ్ళో పెద్దవాళ్ళకు బాగాలేకపోయినా కార్లు ఈ రోడ్డెక్కాల్సిందే. అందులో పాతవీ, సెకండ్‌హ్యాండువీ తక్కువేమీ కాదు. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా రాయవలసి వస్తోంది.

'ఫుల్ ఇన్సూరెన్స్'లో లేనిది

జనం 'ఫుల్ ఇన్సూరెన్స్' అని పిలుచుకునే సమగ్ర పాలసీ ఉంటే అన్నీ వస్తాయనుకోవడం పొరపాటు. ప్రమాదం వేరు, మొరాయింపు వేరు. యంత్రభాగం చెడినా, కరెంటు వైరింగు పోయినా మామూలు పాలసీ బాధ్యత వహించదు. ప్రమాదం జరిగితే బండిని దగ్గరి షెడ్డుకు చేర్చే ఖర్చు ఇస్తారు. కానీ 2002 నాటి మోటారు టారిఫ్‌లో ప్రైవేటు కార్లకు దాని పరిమితి రూ. 1,500 మాత్రమే. క్లచ్చి పోయి ఆగిన బండికి ఆ మాత్రమూ రాదు.

దానికోసం విడిగా తీసుకునేదే రోడ్‌సైడ్ అసిస్టెన్స్. పాలసీతోపాటు జతచేస్తే సాధారణంగా కొన్ని వందల రూపాయలతో పోతుంది. బ్యాటరీ దిగితే వచ్చి స్టార్టు చేసి వెళ్తారు. పంక్చరైతే చక్రం మారుస్తారు. అయితే స్టెప్నీ మనదే, అందులో గాలి ఉండాల్సిందీ మన పూచీయే. తాళంచెవి లోపలే ఉండి తలుపు పడిపోయినా, పెట్రోలు అయిపోయినా వస్తారు. పెట్రోలు ధర మాత్రం మనం ఇవ్వాల్సి రావచ్చు. అక్కడ బాగుకాకపోతే షెడ్డుకు లాక్కెళ్తారు.

తిరకాసంతా హద్దుల్లోనే ఉంది. ఏడాదికి ఎన్నిసార్లు వస్తారు? ఎన్ని కిలోమీటర్లు ఉచితంగా లాగుతారు? ఆ దూరం దాటితే కిలోమీటరుకెంత? ఇవి కంపెనీకో రకంగా ఉంటాయి. ఊళ్ళో తిరిగే బండికి పాతిక కిలోమీటర్లు చాలు. నెలకోసారి కరీంనగర్ వెళ్ళొచ్చేవారికి అది ఏ మూలకూ రాదు. కారు వయసు ముదిరితే కొన్ని కంపెనీలు ఈ సేవను అసలు ఇవ్వవు. కాబట్టి ధర అడగకముందు ఈ ప్రశ్నలు అడగాలి.

ఒకే సాయానికి రెండుసార్లు డబ్బు

ఇంకో చిత్రం ఉంది. కొత్త కారు కొన్నవారికి తయారీ సంస్థే వారంటీ కాలంలో ఈ సేవ ఇవ్వడం మామూలే. ఆ సంగతి తెలియక బీమాలోనూ కడతారు. కొన్ని క్రెడిట్ కార్డులకూ ఇది జతగా వస్తుంది. ఇవి చాలవన్నట్టు షోరూములో ఇంకొక సభ్యత్వం అంటగడతారు. ఎన్ని ఉన్నా ఆగిన కారును లాగేది ఒక్క బండే కదా! పాత కార్లవారికి తయారీ సంస్థ దగ్గర డబ్బు కట్టి సేవ పొడిగించుకునే వీలుండవచ్చు. చెన్నై కేంద్రంగా ఉన్న దక్షిణ భారత ఆటోమొబైల్ అసోసియేషన్ వంటి సంఘాలూ ఉన్నాయి. విడిగా అమ్మే సభ్యత్వాల్లో చాలావరకు బీమాలు కావు, సేవా ఒప్పందాలు. కొన్ని డబ్బు కట్టిన రోజే మొదలు కావు.

మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారిపై బండి ఆగితే 1033కు ఫోను చేయవచ్చు. అది జాతీయ రహదారుల సంస్థ నంబరు. దానికి పాలసీతో పనిలేదు. అల్వాల్ మీదుగా పోయే రాజీవ్ రహదారి మాత్రం రాష్ట్ర రహదారి, ఆ నంబరుపై ఆశ పెట్టుకోలేం.

బేరం ఎక్కడ కుదురుతుంది?

రెన్యువల్‌లో థర్డ్‌పార్టీ ప్రీమియం దగ్గర బేరం లేదు, అది ప్రభుత్వం నిర్ణయించేది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో వెయ్యి సీసీ లోపు కారుకు రూ. 2,094, పదిహేను వందల సీసీ దాకా రూ. 3,416, ఆపైన రూ. 7,897. జీఎస్టీ 18 శాతం అదనం. 2025 సెప్టెంబరులో వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాలపై జీఎస్టీ ఎత్తేశారు గానీ మోటారు బీమాకు ఆ భాగ్యం దక్కలేదు.

మిగిలేదల్లా సొంత కారు నష్టానికి కట్టే 'ఓన్ డ్యామేజి' భాగంలోనే. క్లెయిము చేయని ఏడాది తర్వాత 20 శాతం, ఆపైన 25, 35, 45, చివరకు 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్ ఇస్తారు. చిన్న గీతకూ క్లెయిముకు పరుగెత్తేవారు ఈ లెక్క చూడాలి. బంపరు పగిలి కొత్తదానికి రూ. 5,000 అయిందనుకుందాం. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగానికి సగం తరుగు పోతుంది. పదిహేను వందల సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత రూ. 1,000. చేతికొచ్చేది రూ. 1,500. బోనస్‌కు ముందు ఓన్ డ్యామేజి ప్రీమియం రూ. 8,000 అయితే, సగం బోనస్ పోయి మరుసటి ఏడాది రూ. 4,000 ఎక్కువ కట్టాలి. పైగా బోనస్ మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి! కారు లాగించుకున్నందుకు మాత్రం సాధారణంగా బోనస్ పోదు. అయినా ఏజెంటును అడిగి రూఢి చేసుకోవడం మంచిది.

యజమాని ప్రమాద బీమా దగ్గరా కొంత మిగులుతుంది. రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ముందే ఉన్నవారు స్కూటరుకొకటి, కారుకొకటి కొనక్కర్లేదు. చాలామంది కొంటున్నారు.

చవకగా ఉందని చూపించే కాగితంలో కారు విలువ ఎంత వేశారో ముందు చూడాలి. విలువ తగ్గిస్తే ప్రీమియం తగ్గుతుంది. కారు దొంగల పాలైన రోజున వచ్చే డబ్బూ తగ్గుతుంది. ఇది పొదుపు కాదు.

అన్నిటికంటే చేటు గడువు దాటించడం. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే కూడబెట్టిన బోనస్ మొత్తం పోతుంది. థర్డ్‌పార్టీ లేకుండా బండి నడిపితే 2019 సవరణ ప్రకారం మొదటిసారి రూ. 2,000 జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా సంగతి అటుంచినా, ఆ గడువు మధ్యలో బండి ఎవరికైనా తగిలితే నష్టపరిహారం ఇంటిమీదికే వస్తుంది. సెకండ్‌హ్యాండు కారు కొన్నవారు 14 రోజుల్లోగా పాలసీ తమ పేరిట మార్పించుకోవాలి. అమ్మినవారి బోనస్ కొన్నవారికి రాదు.

వానల సంగతి ఒక మాట. 2020 అక్టోబరు వరదల్లో నగరంలో ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన కారును తాళం తిప్పి స్టార్టు చేస్తే నీరు ఇంజనులోకి పోతుంది. ఆ నష్టానికి మామూలు పాలసీ ఇవ్వకపోవచ్చు. తాళం ముట్టకుండా లాగించుకోవడమే దారి.

సాయానికి ఫోను చేసినా రాకపోతే, క్లెయిము అన్యాయంగా తిరగ్గొడితే ముందు కంపెనీకి రాతమూలకంగా ఫిర్యాదు చేయాలి. బీమా నియంత్రణ సంస్థ ఫోను నంబరు 155255. నెలలోగా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా లకడీకాపూల్ ప్రాంతంలోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్ళవచ్చు. రుసుము లేదు.

ఈసారి రెన్యువల్‌లో మేము రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంచి, రెండోసారి పడిన ప్రమాద బీమా కొట్టేయించాం. నంబరు అట్టముక్కపై రాసి స్టీరింగు పైనున్న ఎండతెరకు రబ్బరు బ్యాండుతో కట్టాం. అమ్మ మాత్రం దూరప్రయాణమంటే బిస్కెట్ల పొట్లం, మాత్రలు చేతిసంచిలో పెట్టుకుని గానీ కారెక్కడం లేదు.