సానరాయి

వరికోతల కాలమున కొడవలి మొద్దుబారినచో రైతు ఒక గరుకు రాతిపై నీళ్లు చల్లి దానిని నూరును. ఆ రాతిని గట్టిగా గీకినచో ఇసుక రాలును. ఇట్టి రాయి ఉక్కును ఎట్లు అరగదీయగలదు?

సమాధానము ఆ ఇసుకలోనే ఉన్నది. భూపాలపల్లి జిల్లాలోని కాటారం ప్రాణహిత-గోదావరి లోయలోనిది. ఈ లోయలో ఇసుకరాళ్లు విస్తారముగా కలవు. పూర్వము ప్రవాహములు తెచ్చిన ఇసుక పొరలుగా పేరుకొని, సిలికా, ఇనుప ఆక్సైడు, బంకమన్ను వంటివి రేణువులను జిగురువలె పట్టి ఉంచుటచే రాయి అయినది. ఇసుకలో ఎక్కువభాగము పలుగురాతి ఖనిజము, అనగా క్వార్ట్జు. మోస్ మానముపై దీని కాఠిన్యము 7. కొడవలి ఉక్కుది అంతకంటె తక్కువ. కనుక ప్రతి రేణువును చిన్న ఉలివలె ఉక్కును గీయును. రాలిపోవునది జిగురు బలహీనత చేతనే గాని, రేణువు మెత్తనిదగుటచే కాదు.

ఈ రాలుటయు అవసరమే. జిగురు మరీ గట్టిదైనచో అరిగిన రేణువులు ఊడక, రాయి నునుపెక్కి ఉక్కు జారిపోవును. మరీ బలహీనమైనచో రాయి త్వరగా గుంటపడును. అరిగిన రేణువు రాలి, క్రొత్తది బయటపడునదే మంచి సానరాయి. నీరు ఉక్కుపొడిని కడిగివేసి రేణువుల సందులు పూడకుండ చేయును.

ఇసుకరేణువుల వ్యాసము 1/16 మొదలు 2 మిల్లీమీటర్ల వరకు ఉండును. పెద్ద రేణువు లోతుగా గీయును; అంచు సన్నని రంపమువలె తయారగును. గడ్డి కోయుటకు అది చాలును, మంగలికత్తికి చాలదు. జపానులో క్యోటో దగ్గర నరుతకి మొదలైన చోట్ల త్రవ్విన రాళ్లు ఇట్టి నాజూకు పనికి ప్రసిద్ధములు. అవి లోతైన సముద్రపు అడుగున పేరుకొన్న సిలికాతో కూడిన సన్నని మట్టినుండి ఏర్పడినవి. వాటి రేణువులు కంటికి కనిపించవు. అక్కడ గరుకు, నడిమి, నున్నని రాళ్లను వరుసగా వాడి కత్తికి మెరుగు పెట్టుదురు. ఒక్కొక్క రాయి ముందటి రాయి గీతలను చెరుపును.

క్వార్ట్జుకంటె గట్టిది కురువిందము. దాని కాఠిన్యము 9. కొరండమ్ అను ఇంగ్లీషు పేరు దక్షిణభారత భాషలనుండి పోయినదే. మన దేశమున దీని పొడిని లక్కతో కలిపి సానచక్రములు చేసెడివారు. ఇసుకరాతిలో ప్రకృతి చేసిన జిగురుపనిని ఇందులో లక్క చేయును.

ఒక్క హెచ్చరిక. 19వ శతాబ్దమున ఇంగ్లండులోని షెఫీల్డులో ముళ్లచెంచాలను పొడి ఇసుకరాతి చక్రములపై సానపట్టిన కార్మికులు ఊపిరితిత్తుల వ్యాధితో చిన్నవయస్సుననే మరణించిరి. తడి చక్రములపై పనిచేసినవారికి ఈ బాధ తక్కువ. సిలికా దుమ్ము ఊపిరితిత్తులలో చేరి కలిగించు ఈ సిలికోసిస్‌కు నేటికిని పూర్తి చికిత్స లేదు. పాఠశాలలో సానరాతిని పరీక్షించునపుడు తప్పక తడిపి, తరువాతనే మేకును రుద్ది, గీతలను భూతద్దముతో చూడవలెను. రైతు చల్లు నీరు కొడవలికే కాక ఊపిరికిని రక్షణయే.