మనీప్లాంటు పెట్టినా దగ్గు తగ్గలేదు

షోలాపూర్‌లో మాది ఒకటే గది. చద్దర్ల కార్ఖానా నుంచి మా ఆయన వచ్చేసరికి ఒంటినిండా నూలు దుమ్ము, రాత్రంతా దగ్గు. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయంటే మనీప్లాంటు, స్నేక్‌ప్లాంటు తెచ్చిపెట్టాను. దగ్గు తగ్గితే ఒట్టు!

1989లో నాసావాళ్లు మొక్కల్ని పరీక్షించింది మూసిన పెట్టెల్లో, అదీ బెంజీన్‌లాంటి ఆవిర్లమీద. నూలు దుమ్ముకు ఆ లెక్క ఎక్కడిది?

ఇప్పుడు పని బట్టలు వాకిట్లోనే విప్పి బకెట్లో నానేస్తున్నారు. నేను చీపురు మాని తడిగుడ్డ పెడుతున్నా, కిటికీ తెరిచే ఉంచుతున్నా. సెలవు మర్నాడు పనికెళ్లగానే ఛాతీ పట్టేస్తోందంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి అక్కా, మేం ఆలస్యం చేశాం.

మొక్కల్ని పారెయ్యలేదు. మనీప్లాంటు ఆకు నమిలితే పిల్లల నోరు మండుతుంది, అందుకే పైన కట్టాను. వారానికోసారి ఆకులు తుడిస్తే గుడ్డకు అంటే నూగు చూసి, ఆ వారం ఇంట్లోకి ఎంత దుమ్ము వచ్చిందో చెప్పేస్తా.