కాగితపు గద

పాఠశాలల్లో వార్షికోత్సవం దగ్గరపడేసరికి ప్రతి తరగతిలోనూ ఒక ప్రశ్న బయలుదేరుతుంది: భీముడు ఎవరు? న్యాయంగా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవి పిల్లవాని కంఠం, పద్యం పలికే తీరు, రంగం మీద నిలుచునే ఠీవి. కాని నేడు అనేకచోట్ల సమాధానం చెబుతున్నది అద్దె వేషాల దుకాణం. గదకూ కిరీటానికీ భుజకీర్తులకూ అద్దె చెల్లించగలవారి పిల్లవాడు భీముడవుతాడు. చెల్లించలేనివారి పిల్లవాడు, ఎంత చక్కగా పద్యం చదివినా, తెర లాగే పనికో, అరణ్యంలో చెట్టుగా నిలబడే పనికో మిగిలిపోతాడు. ఇది నాటకానికీ మంచిది కాదు, పిల్లవానికీ మంచిది కాదు. ఇంతకూ ఆ అద్దె గద చేసే ఘనకార్యమేమిటి? ఇంటిలోని పాత పత్రికలు, గుప్పెడు మైదాపిండి, ఇనుపసామానుల దుకాణంలో దొరికే గొట్టపు ముక్క కలిసి చేయలేని పని అందులో ఒక్కటీ లేదు.

చౌకసరుకుతో చేసిన ఆయుధమంటే చిన్నచూపు చూసేవారు భరతముని మాట వినవలె. ఆయన నాట్యశాస్త్రంలో అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించి, ఆహార్యం కింద రంగస్థల వస్తువుల నిర్మాణాన్ని కూడ విపులంగా చెప్పాడు. ఆ నిర్మాణానికి ఆయన పెట్టిన పేరు పుస్తం. చాప, గుడ్డ, తోలు వంటివాటిని కూర్చి చేసేది సంధిమం. యంత్రపు కదలికతో పనిచేసేది వ్యాజిమం. చుట్టి చేసేది వేష్టిమం. బరువైన లోహపు వస్తువులు రంగానికి తగవనీ, వాటిని మోసే నటుడు అలసిపోతాడనీ ఆయన అభిప్రాయం. ఆయుధాలను గడ్డి, వెదురుబద్దలు, లక్క వంటివాటితో చేయమన్నాడు. కిరీటానికి ఆధారమయ్యే పట్టీని మారేడు గుజ్జు పూసిన గుడ్డతో చేయమన్నాడు. పిండిజిగురు పూసిన కాగితపు పొరలతో మనం నేడు చేసే పనికి ఇది ముత్తాత అని చెప్పవచ్చు. లోహం ఖరీదైనది కనుక మానుకొమ్మని ఆయన అనలేదు. నటునికి భారం కనుక మానుకొమ్మన్నాడు. ఈ భేదం గుర్తించదగినది.

తెలుగువారి హస్తకళలూ ఈ మార్గంలోనే నడిచినవి. కొండపల్లి బొమ్మకు మూలమైన తెల్లపొనికి కర్ర చేతికి బెండువలె తేలికగా ఉంటుంది. బొమ్మ అవయవాలు అతికేది చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో. చేర్యాల ముఖాలకు కూడ రంపపుపొట్టూ చింతగింజల జిగురే ఆధారం. వడ్రంగి ఊడ్చి పారవేసేది ఒకటి, వంటింటిలో ఏరి పారవేసేది ఒకటి. రెండూ కలిసి కళ అయినవి.

గణితం చెప్పే ఉపాధ్యాయులు గదను తరగతిలోనికి కూడ తీసుకొనిపోవచ్చు. గద తల 20 సెంటీమీటర్ల వ్యాసం గల గోళమనుకొందాం. దాని ఘనపరిమాణం సుమారు 4,190 ఘన సెంటీమీటర్లు. అది గట్టి ఇనుపగుండైతే దాదాపు 33 కిలోలు తూగుతుంది. అదే పరిమాణంలో ఒక మిల్లీమీటరు మందం గల కాగితపు డొల్ల చేస్తే దాని బరువు 200 గ్రాములకు లోపే. పైగా భారం కర్ర చివర ఉన్నప్పుడు మణికట్టు మీద పడే శ్రమ కర్ర పొడవుతోపాటు పెరుగుతుంది. పదేళ్ల పిల్లవాడు అరగంటసేపు మోయవలసిన గద తల ఎందుకు డొల్లగా ఉండవలెనో ఇంతకన్న వివరించనక్కరలేదు.

ఇక పనిలోనికి దిగుదాం. ముందుగా జిగురు. ఒక గ్లాసు మైదాను ఒక గ్లాసు చన్నీళ్లలో ఉండకట్టకుండ కలిపి, మరుగుతున్న నాలుగు గ్లాసుల నీటిలో పోసి, సన్నసెగ మీద విడువకుండ కలుపుతూ ఉండవలె. పిండిరేణువులు వేడికి నీరు పీల్చి ఉబ్బుతవి. పాలవంటి ద్రవం చూస్తూ ఉండగానే చిక్కబడి నిగనిగలాడుతుంది. గోడపత్రికలు అంటించేవారి లై ఇదే. పొయ్యి దగ్గరి పని మాత్రం పెద్దలు చేయవలె.

అచ్చుకు రబ్బరు బూర చాలు. దానిని చిన్న పుచ్చకాయంత ఊది, మూతి కట్టి, చెంబు మీద కూర్చోబెడితే దొర్లిపోదు. పత్రికను కత్తెరతో కత్తిరించరాదు, చేతితోనే చింపవలె. కత్తిరించిన అంచు మెట్టువలె నిలిచి, రంగు వేసిన తరువాత కూడ గీతగా కనబడుతుంది. చింపిన అంచులో నారలు పలుచబడి పక్క కాగితంలో కలిసిపోతవి. చింపేటప్పుడు పిల్లలు ఒక వింత గమనిస్తారు. పత్రిక ఒక దిక్కున తిన్నగా చినుగుతుంది, అడ్డదిక్కున వంకరలు పోతుంది. కాగితం తయారయేటప్పుడు నారలు ఎక్కువగా యంత్రం నడిచే దిక్కుకే వరుసదీరడం దీనికి కారణం. అందుచేత ఒక పొర నిలువుగా అంటిస్తే మరొక పొర అడ్డంగా అంటించవలె. అప్పుడే డొల్లకు అన్ని దిక్కులా బలం వస్తుంది. ఒక పొరకు తెలుగు పత్రిక, తరువాతి పొరకు ఇంగ్లీషు పత్రిక వాడితే ఎక్కడ ఖాళీ మిగిలినదో అక్షరాలే చెబుతవి. ఏకభాషాభిమానులు ఇందుకు నన్ను క్షమింతురు గాక!

ఆరు పొరలు కావలె. అన్నీ ఒకే పూట వేయాలన్న తొందర పనికిరాదు. రెండేసి పొరలు వేసి ఒక రోజు ఆరబెట్టవలె. లేనియెడల పైన ఎండి, లోపల తడి నిలిచి బూజుపడుతుంది. ఆరబెట్టడం కూడ నీడలోనే. ఎండ తగిలితే బూరలోని గాలి వ్యాకోచించి, మెత్తని డొల్ల బీట వారుతుంది. బాగా ఎండిన తరువాత వేలితో తట్టితే ఎండు సొరకాయ బుర్రవలె మోగుతుంది. అప్పుడు సూదితో బూరను పొడిచి, దాని ముక్కలను తీసివేయవచ్చు.

పిడికి ముప్పాతిక అంగుళం పీవీసీ గొట్టం గాని, నున్నగా చెక్కిన వెదురు గాని వాడవచ్చు. చాల గదలు విరిగేది మెడ దగ్గరే. గొట్టాన్ని డొల్ల అడుగున గుచ్చి ఊరుకొంటే, మొదటి దెబ్బకే ఆ రంధ్రం పెద్దదై తల వేలాడబడుతుంది. గొట్టం అడుగునుంచి దూరి తలపైకి వచ్చి, రెండుచోట్లా అట్టబిళ్లలతోనూ జిగురుగుడ్డతోనూ బిగియవలె. పైకి వచ్చిన కొసను మొగ్గ ఆకారంలో కాగితపు గుజ్జుతో కప్పితే అదే శిఖరమవుతుంది. మెడకు పాత ప్లాస్టిక్ గాజులు మూడు తొడిగితే కట్లు. తలమీద నిలువు చారలకు జనపనార తాడును జిగురుతో అంటించవలె. శనగలూ కందులూ పొదిగితే అందంగానే ఉంటవి గాని, పురుగులకు విందు పెట్టినట్లవుతుంది. చొక్కా గుండీలు మేలు.

గద కాగితమో ఇనుమో చూసేవారికి తోపించేది రంగు. చాలమంది నేరుగా బంగారు రంగు పూస్తారు. జిగినీ కాగితం చుడతారు. దీపాల వెలుతురులో అది మిఠాయి పొట్లంవలె మెరుస్తుందే తప్ప లోహంవలె కనబడదు. లోహాన్ని లోహమనిపించేది దాని మెరుపు మాత్రమే కాదు, పల్లాలలో నిలిచిన నలుపు కూడ. కనుక ముందు తెల్లసుద్ద జిగురులో కలిపి పూసి, ఆరిన పిదప ఉప్పుకాగితంతో రుద్ది, గద అంతటికీ నల్లరంగు వేయవలె. అది ఆరిన తరువాత కుంచెను బంగారు రంగులో ముంచి, పాతగుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా ఉన్న ఆ కుంచెతో ఉబ్బెత్తు భాగాలను మాత్రమే తాకవలె. తాళ్లు, గాజులు, గుండీలు మెరుస్తవి; సందులు నల్లగా మిగులుతవి. మొదటి వరుసలో కూర్చున్నవాడు కూడ దానిని పాత ఇత్తడి అనే భ్రమపడతాడు.

కాని పిల్లవాడు ఆ గదను విసనకర్రవలె తిప్పినాడంటే ఇంత శ్రమా వృథా. ఇక్కడ ఉపాధ్యాయుని పని వస్తుంది. 1957లో వచ్చిన మాయాబజార్ చిత్రంలో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడై నడచిన నడక చూసినవారికి, గద బరువు చెప్పేది గద కాదని బోధపడే ఉంటుంది. అభ్యాసం నాడు పిల్లవానిచేత నీళ్లు నిండిన బిందెను ఒకసారి ఎత్తించి, మోకాళ్లు ఎట్లు వంగినవో, ఊపిరి ఎక్కడ బిగిసినదో గుర్తుంచుకొమ్మనవలె. మరుక్షణం కాగితపు గద చేతికిచ్చి అదే శరీరంతో ఎత్తమనవలె.

వేషాల మీద మక్కువ పురాణ నాటకాలకే పరిమితం కాదు. 1939లో న్యూయార్కులో జరిగిన విజ్ఞాన కల్పనా సాహిత్య మహాసభకు ఫారెస్ట్ ఆకర్మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు అభిమానులు భవిష్యత్కాలపు దుస్తులు ధరించి వెళ్లినారు. వాటిని కుట్టినది డగ్లసే. ఇట్టి వేడుకకు 1980లలో జపానులో కాస్‌ప్లే అనే పేరు స్థిరపడినది. 2013లో హైదరాబాదులో మొదటిసారి కామిక్ కాన్ జరిగినది మొదలు మన యువకులకూ ఇది పరిచితమే. నేలమీద పరిచే నురుగు పలకలను కోసి, వేడిగాలితో వంచి కవచాలు చేయడం ఈ వేషధారులలో సాధారణం. వారి వీరులు వేరు గాని, సూత్రం భరతుడు చెప్పినదే: ధరించినవాడు అలసిపోరాదు.

థర్మోకోల్ వాడేవారికి ఒక హెచ్చరిక. పిచికారీ రంగులలోని ద్రావకం తగిలితే అది కరిగి గుంటలు పడుతుంది. ముందుగా జిగురు కాగితం అంటించి, నీటిరంగులు వేయడం క్షేమం. కాలిన తీగతో కోసేటప్పుడు వచ్చే పొగ పిల్లలు పీల్చరాదు. విల్లంబుల విషయంలో మరింత కఠినంగా ఉండవలె. రంగం మీద ఆయుధం నిజంగా తగలరాదని నాట్యశాస్త్రమే శాసించినది. బాణం విల్లు విడిచి పోకుండ అల్లెతాటికి కుట్టివేసి, మొనకు గుడ్డచుట్ట కట్టితే అర్జునుని శౌర్యానికి లోటు రాదు, ఎవరి కంటికీ ప్రమాదం రాదు.

నాటకం ముగిసిన తరువాత గదను మూల పారవేస్తే ఎలుకలకు పండుగ. పిండిజిగురు వాటికి ప్రియమైన ఆహారం. పుస్తకాలు కట్టేవారు జిగురులో మైలుతుత్తం కలుపుతారు గాని అది విషం, పిల్లలు ముట్టే వస్తువులో కలుపరాదు. పైపూతగా వార్నిషు వేసి, పిడికి తాడు కట్టి, తరగతి గది దూలానికి వేలాడదీస్తే వచ్చే ఏడు మరొక భీమునికి పనికివస్తుంది. ఆ భీముడు పొట్టివాడైతే గొట్టాన్ని రంపంతో నాలుగంగుళాలు కోయవచ్చు.