పాత పద్యాలకు తగిన పెట్టె ఏది?

కదిరి నుండి మదనపల్లెకు పోవు దారిలో ఉన్నది తనకల్లు. 2022 వరకు అనంతపురం జిల్లాలోను, ఆ పిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలోను చేరిన ఈ మెట్టసీమలో వానలు తక్కువ, వేరుశనగ చేలు ఎక్కువ. పద్యనాటకమునకు ఇచ్చటి పల్లెలు కొత్తవి కావు. నటుడు బళ్ళారి రాఘవ 1880లో జన్మించినది అనంతపురం జిల్లా తాడిపత్రిలోనే.

ఇట్టి ఊరిలో ఒక ఉపాధ్యాయుని ఇంట, అటకమీద, తాతగారి నాటి గ్రామఫోను ప్లేట్ల పెట్టె ఒకటి ఉన్నదనుకొందము. అందులో డి.వి. సుబ్బారావు హరిశ్చంద్రుని కాటిసీను పద్యములున్నవి, ఘంటసాల పాడిన పుష్పవిలాపమున్నది, కొన్ని సినిమా పాటలున్నవి. పైన ఆ తరువాత కొన్న లాంగ్ ప్లే రికార్డులున్నవి. వీటిని మరల వినవలెనని ఆ ఉపాధ్యాయుడు ఒక టర్న్‌టేబులును, రెండు లౌడుస్పీకర్లను, వాటిని నడపు యాంప్లిఫయరును సమకూర్చుకొనెను. మిగిలినది ప్రీయాంప్లిఫయరు. పాతకాలపు వాల్వు పెట్టె కొనుమని మిత్రుల సలహా. ఏది కొనవలెను?

ఈ ప్రశ్నకు సాధారణముగా వచ్చు సమాధానము ఒక ప్రసిద్ధమైన కంపెనీ పేరు. కాని సరియైన సమాధానము కంపెనీల పట్టికలో లేదు. అటకమీది పెట్టెలోనే ఉన్నది.

ముందుగా ఈ యంత్రము చేయు పని యేమో చూతము. రికార్డు గాడిలో నడచు ముల్లు పుట్టించు విద్యుత్తు అత్యల్పము. సామాన్యమైన అయస్కాంతపు పికప్పు ఇచ్చునది సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. పెద్ద యాంప్లిఫయరు కదలవలెనన్న దాదాపు ఒక వోల్టు కావలెను. అనగా రెండువందల రెట్లు పెంచవలెను. ఈ పెంపకము చేయునదే ప్రీయాంప్లిఫయరు. చెరువులో ఎంత నీరున్నను కాలువకు పోవునది తూము విడిచినంతయే గదా! ఇచ్చట చెడిన స్వరమును ఆపై ఎంత గొప్ప లౌడుస్పీకరును బాగుచేయలేదు.

పెంచుట ఒక్కటే అయినచో చిక్కు లేకపోయెడిది. రికార్డు కోయునపుడు మంద్రస్వరములను ఉన్నవి ఉన్నట్లు కోసినచో గాడి అటునిటు విపరీతముగా ఊగి పక్క గాడిలో పడును. కనుక వాటిని తగ్గించి కోయుదురు. తారస్వరములను, ప్లేటు సహజముగా చేయు బుసలో మునిగిపోకుండ, హెచ్చించి కోయుదురు. వినునపుడు ప్రీయాంప్లిఫయరు దీనిని తలక్రిందులు చేసి, తగ్గినదానిని పెంచి, పెరిగినదానిని తగ్గించవలెను. 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ సంఘము ఇందుకొక కొలతను నిర్ణయించెను. దాని ప్రకారము నడిమి స్వరముతో పోల్చినచో అట్టడుగు మంద్రము సుమారు పది రెట్లు పెరుగును. చిట్టచివరి తారము పదవవంతునకు తగ్గును. నేడు దొరకు యంత్రములలో పెక్కింటికి తెలిసినది ఈ ఒక్క కొలతయే.

అయితే విద్యుత్తు సాయముతో రికార్డులు చేయుట 1925లోనే ఆరంభమైనది. 1925కును 1954కును నడుమ ప్రతి కంపెనీయు తనకు తోచిన కొలత పాటించెను. తాతగారి పెట్టెలోని పద్యములలో హెచ్చుభాగము ఆ కాలమునకు చెందినవైనచో, నేటి కొలతతో వాటిని వినునపుడు తారస్వరములు అవసరమునకు మించి అణగిపోవును. రాగాలాపనలోని గమకపు పదును మొద్దువారును. గాయకుని కంఠము కంబళి కప్పుకొని పాడినట్లుండును. వినువాడు, పాపము, ప్లేటు అరిగినదనుకొని ఊరకుండును!

పాతకాలపు ప్రీయాంప్లిఫయరు వలని నిజమైన ప్రయోజనము ఇచ్చటనే కలదు. న్యూయార్కులో సాల్ మరాంట్జ్ 1950 దశకము తొలినాళ్ళలో తన ఇంట తయారుచేసి అమ్మిన 'ఆడియో కన్సోలెట్' అను పెట్టెలో మంద్రమునకు ఆరు, తారమునకు ఆరు స్థానములు కలవు. కలిపి 36 విధముల దిద్దుబాటు. అది ఒకే మార్గము గలది. 1958లో స్టీరియో రికార్డులు అంగళ్ళకు వచ్చిన ఏటనే వెలువడిన 'మరాంట్జ్ 7'లో ఆ స్థానములు మూడింటికి తగ్గిపోయినవి. ట్రాన్సిస్టరులు వచ్చిన పిమ్మట అనేకులు ఆ మీటను పూర్తిగా తీసివేసిరి. పాశ్చాత్య దేశములలో 78 రికార్డు అప్పటికి మూలబడినది గనుక వారికది లోపముగా తోచలేదు. మన సంగతి వేరు. కలకత్తా సమీపమున డమ్‌డమ్ కర్మాగారములో 1960 దశకమునందు గూడ 78 రికార్డులు అచ్చయినవి. బీటిల్స్ పాటలు సైతము ఇచ్చట 78 ప్లేట్లుగా వచ్చినవన్న నేటి విద్యార్థులకు వింతగా నుండును.

కావున ఉపాధ్యాయుడు కొనబోవు పెట్టెపై ముందు చూడవలసినది రికార్డు దిద్దుబాటు మీట. రెండవది మోనో మీట. 78 ప్లేటులో స్వరము గాడి పక్కలకు ఊగుటలోనే ఉన్నది. క్రిందుమీదుల కదలికలో ఉన్నది దుమ్మును, అరుగుదలయు మాత్రమే. రెండు మార్గములను కలిపినచో ఈ రెండవది చాలవరకు తనంత తానే కొట్టివేయబడును. ఈ చిన్న మీట చేయు మేలు వేలు పోసి కొన్న వాల్వు చేయజాలదు. ముల్లు మాట మరువరాదు: 78 గాడి లాంగ్ ప్లే గాడికంటె దాదాపు మూడు రెట్లు వెడల్పు. సన్నని ముల్లు గాడి అడుగున దొర్లి బురదలో నడచినట్లు నడచును.

ఇక ప్రసిద్ధమైన పేర్లను గూర్చి ఒక మాట. మరాంట్జ్ 7 మేలైన యంత్రమే. కాని అసలైనది నేడు లక్షల రూపాయలు పలుకును. పైగా అమెరికాలో అమ్మినది అచ్చటి 117 వోల్టులకు చేయబడినది. మన 230 వోల్టులకు నేరుగా తగిలించినచో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవును. ఇంగ్లండులో పీటర్ వాకర్ సంస్థ చేసిన 'క్వాడ్ 22' చూచుటకు ముచ్చటైనది, ధరయు అంత కాదు; కాని దానికి సొంత విద్యుత్ సరఫరా లేదు. జంటగా అమ్మిన 'క్వాడ్ 2' యాంప్లిఫయరు నుండియే అది విద్యుత్తును తీసికొనును. ఇది ఎరుగక ఒంటరిగా కొన్నవాని ఇంట అది అలంకారమై కూర్చుండును. లీక్ కంపెనీ పాత వాల్వు పెట్టెలకును ఇదే వరుస.

అరువది ఏండ్ల యంత్రములో ముందుగా చెడునవి వాల్వులు కావు, కండెన్సర్లు. కాగితపు కండెన్సరు కారుటయు, ద్రవపు కండెన్సరు ఎండుటయు వయసుతో తప్పదు. వేడి పది డిగ్రీలు పెరిగినకొలది ద్రవపు కండెన్సరు ఆయువు సగమగునని మెకానిక్కులు లెక్కకట్టుదురు. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు ఈ సీమలో ఈ లెక్కను తేలికగా తీసికొనరాదు. కనుక ఏండ్ల తరబడి మూలపడిన పెట్టెను తెచ్చిన క్షణముననే మీట నొక్కుట అవివేకము. అనుభవముగల మెకానిక్కు సీరీస్ బల్బు పెట్టి మొదటిసారి వెలిగించును. లోపల లోపమున్నచో బల్బు ప్రకాశముగా వెలిగి హెచ్చరించును, యంత్రము బ్రతుకును. వాల్వు పెట్టెలో సుమారు మూడువందల వోల్టులు తిరుగును. ప్లగ్గు తీసిన తరువాత గూడ కొంతసేపు అది కండెన్సర్లలో నిలిచియుండును. విద్యార్థులు చూచి నేర్చుకొనవచ్చును గాని చేయి పెట్టరాదు.

పరీక్షించుటకు రికార్డు అక్కరలేదు. ప్లేటు లేకుండ ధ్వని పెంచి చెవియొగ్గవలెను. సన్నని బుస వాల్వులకు సహజము. కందిరీగ రొదవంటి హోరు విన్పించినచో సరఫరాలోనో, తీగలలోనో లోపము. మీట త్రిప్పినపుడు గరగరమన్నచో మురికి. అది తుడిచిన పోవును. గంటసేపు వేడెక్కనిచ్చి మరల వినవలెను. చల్లగా నున్నపుడు మంచిగా నటించు యంత్రములు పెక్కు కలవు.

పల్లెలో మరియొక చిక్కు. బోరు మోటార్లు ఒక్కసారి ఆడినపుడు దీపములు కునుకును. స్టెబిలైజరు లేక ఇట్టి పెట్టెను నడపరాదు. ఎర్తు విషయము మరింత ముఖ్యము. ఎండిన రాతినేల విద్యుత్తును సరిగా తీసికొనదు. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తు గుంత ఆషాఢమునకు ముందే ఎండి పెళుసుబారియుండును. ఇనుప పెట్టెను తాకినపుడు వ్రేలు జివ్వుమనుటకును, అడుగున హోరు పెరుగుటకును కొన్ని ఇండ్లలో కారణమిదియే. నీటికి కరవైన ఊరిలో ఆ గుంతకు వారమునకొక కడవ పోయుమన్న ఇంటివారు మొదట నవ్వుదురు. కడవెడు నీరు పోసిన మరునాడు, మోనో మీట వేసి, లావు ముల్లు అమర్చి, దిద్దుబాటు పాత 78కి త్రిప్పి, కాటిసీను ప్లేటు పెట్టి చూడవలెను.