రాగిరేకుల పదం... వెండితెర స్వరం

తెల్లవారుజామున సుప్రభాతం ముగిసిన పిమ్మట మీ ఇంట వినవచ్చే అన్నమయ్య సంకీర్తనను ఒక్కమారు మనసు నిలిపి ఆలకించండి. సాహిత్యం ఆచార్యులవారిది. మరి ఆ వరుస ఎవరిది?

తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) రచించినట్లు చెప్పే 32,000 సంకీర్తనలలో నేటికి లభించినవి సుమారు 14,000. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో దొరికిన రాగిరేకులపై పదంతో పాటు రాగం పేరు చెక్కి ఉన్నది. స్వరం మాత్రం లేదు. అనగా శ్రీవారి సన్నిధిలో ఆ మహనీయుడు ఏ తీరున ఆలపించారో మనకు అందలేదు. ఆ లోటును రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు తీర్చారు. నూరుకు పైగా పదాలను స్వరపరచారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గళాన ‘బాలాజీ పంచరత్నమాల’గా కొన్ని సంకీర్తనలు ఇంటింటికీ చేరాయి.

1997లో విడుదలైన ‘అన్నమయ్య’ చిత్రానికి సంగీతం కూర్చవలసి వచ్చినప్పుడు ఎం.ఎం. కీరవాణి ముందు నిలిచిన పరీక్ష ఇదే. భక్తుల నోట నానిన వరుసను మారిస్తే అపచారమన్న మాట పడాలి. కచేరీ బాణీని యథాతథంగా ఉంచితే కథ నడవదు. విద్వాంసుడు పల్లవిని సంగతులతో పదిమార్లు తిప్పి పాడవచ్చు. వెండితెరపై నాలుగైదు నిమిషాలలోనే ఘట్టం ముగియాలి. పైగా ఆచార్యుల పదాల సరసన నేటి కవి గీతాలూ ఒదగాలి. ఆ కవులలో ఒకరు వేటూరి సుందరరామమూర్తి. రాగిరేకుల సాహిత్యాన్ని వెలుగులోకి తేవడానికి పాటుపడిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారికి ఆయన సోదరుని కుమారుడు! ఇది కాకతాళీయమో, స్వామి సంకల్పమో మీరే ఊహించుకోండి.

ఇందులోని భక్తిగీతాలను శ్రద్ధగా వినండి. చరణాలలో అక్షరం మీద వాద్యం స్వారీ చేయదు. బృందగానం, వయొలిన్ల హోరు, ఆధునిక వాద్యాల హంగు చాలావరకు చరణాల నడుమనే వచ్చి, పదం అందుకోగానే వెనుకకు తగ్గుతాయి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఉచ్చారణ అందుకు కొండంత అండ. శృంగార గీతాలన్నీ పూజామందిరంలో వినదగినవని చెప్పలేము. అది సినిమాకు చెల్లించిన సుంకం. కానీ అవసానఘట్టంలోని ‘అంతర్యామి’ వద్ద ఆడంబరమంతా అణగిపోతుంది. అలసిన భక్తుని వేడుకోలు మాత్రం మిగులుతుంది. ఈ చిత్రానికి కీరవాణి ఉత్తమ సంగీత దర్శకునిగా జాతీయ పురస్కారం అందుకున్నారు.

వచ్చే శనివారం దీపారాధన వేళ ఒకే సంకీర్తనను విద్వాంసుల బాణీలో ఒకమారు, చిత్రంలోని బాణీలో మరొకమారు వినిపించండి. ఇంట్లో పెద్దలు దేనికి తాళం వేస్తారో, పిల్లలు దేనికి గొంతు కలుపుతారో గమనించండి.