ఇచ్చి అడిగిన రసాయనాచార్యులు

విద్యాదానమును మించిన దానము లేదని మనమందరము వల్లించుచుందుము. కాని ఆ దానమునకు వలయు ధనమెవరు కూర్చవలెనన్నపుడు మాత్రము ఒకరి మొగమొకరు చూచుకొందుము. మా వారు తమ పాఠశాలలో రసాయన ప్రయోగశాల కొరకు చందాపుస్తకము చేతబట్టి యిల్లిల్లు తిరుగ నారంభించిన నాడు నా మనస్సు చివుక్కుమనెను. "పంతులుగారు పాఠము మాని బిచ్చమునకు దిగినారే!" యని యొక సంపన్న గృహస్థుడు పరిహసించెనట. ఆ మాట నాకు ములుకువలె నాటినది. అట్టివేళ ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ గారి జీవితము జ్ఞప్తికి వచ్చి నన్ను ఓదార్చినది.

వీరు 1861లో వంగదేశమున జన్మించి, 1887లో ఎడింబరో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొంది, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల వేతనముపై అధ్యాపకులైరి. మన రోగములకు సీమమందులే దిక్కగుట సహింపక, 1892 ప్రాంతమున, 1000 రూపాయలైనను నిండని మూలధనముతో, అద్దెయింటనే ఔషధనిర్మాణము ప్రారంభించిరి. కసాయివారి యొద్దనుండి ఎముకలు తెప్పించి మేడపై ఎండవేయగా, అకాలవర్షమునకు అవి క్రుళ్లి, ఇరుగుపొరుగువారు ముక్కులు మూసికొని మొరపెట్టిరట! ఎముకలను కాల్చిన బూడిదనుండియే వారు మందులకు వలయు భాస్వర లవణములను తీసిరి. ఆ యింటి పరిశ్రమయే 1901లో బెంగాల్ కెమికల్ అను కంపెనీగా రూపొందెను.

మరియొకరైనచో ఆ వ్యాపారమునందే స్థిరపడి లక్షలు గడించి యుందురు. రాయ్ గారి చూపు విద్యపైననే నిలిచినది. అశుతోష్ ముఖర్జీ గారి పూనికచే తారకనాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్ గారలు 1912, 1913 సంవత్సరములలో లక్షలకొలది ద్రవ్యమొసగగా, కలకత్తా విశ్వవిద్యాలయమునకు విజ్ఞానకళాశాల యేర్పడెను. తమ ధనముతో నెలకొల్పిన ఆచార్యపదవులు భారతీయులకే చెందవలెనని ఆ దాతలు నిబంధన చేసిరి. 1916లో రాయ్ గారు అచ్చట రసాయనాచార్యులైరి. 1921లో 60 ఏండ్లు నిండగా, ఇకమీదట తమకు రావలసిన జీతమంతయు ఆ కళాశాల యభివృద్ధికే వినియోగింపవలెనని ముందుగానే విశ్వవిద్యాలయమున కర్పించిరి. 1936లో విరమించు వరకు, 15 ఏండ్లు, ఆ మాట చెల్లినది. బ్రహ్మచారియగు వారికి కళాశాలలోని యొక గదియే గృహము. 1944లో అందే కన్నుమూసిరి. రసాయన పరిశోధనకై 10,000 రూపాయలతో నెలకొల్పిన బహుమతికి సైతము తమ పేరు పెట్టుకొనక, మన శ్రీపర్వతముతో పెనవేసికొన్న నాగార్జునుని పేరు పెట్టిరి.

ఇట్టివారు అడిగిన, కాదనువారెవరు? 1922లో ఉత్తరవంగము వరదపాలైనపుడు వీరు ముందు నిలిచి జోలె పట్టగా, ధనము, ధాన్యము, వస్త్రములు నలుదెసల నుండి వచ్చి చేరెను. తన మూట ముందు విప్పినవాని యాచన బిచ్చము కాదు. అది పదిమందిని పుణ్యమునకు పిలుచుట.

ఇది తెలిసిన పిమ్మట నాకు సిగ్గు తొలగినది. రెండు గాజులకని పోపులపెట్టెలో దాచుకొన్న సొమ్ము తీసి మా వారి చేతిలో పెట్టితిని. చందాపుస్తకము మొదటి పుటలో, ఆ గృహస్థుని కొరకు ఖాళీగా ఉంచిన పంక్తియందు, ఇప్పుడు నా పేరున్నది. గాజులు మరి రెండేండ్లు ఆగగలవు. బడిలోని బాలికల చదువు ఆగరాదు. మీ యూరి పంతులుగారు మీ గడప త్రొక్కినపుడు, అమ్మలారా, ముందు పీట వేయుడు. పిదప మీ పోపులపెట్టె తెరచి చూడుడు.